బోదకాలు - సైనికులు నేర్పిన పాఠం

ఒక ఊళ్ళో ఇద్దరు మనుషులున్నారనుకోండి. ఒకరు పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. రెండోవారు ఆరు నెలల కిందట కొత్తగా వచ్చారు. ఇద్దరినీ ఒకే రకం దోమలు కుట్టాయి. ఇద్దరి ఒంట్లోకీ ఒకే రకం పురుగు చేరింది. ముందుగా ఎవరు మంచం పడతారు?

"కొత్తవారే. నీరు పడలేదు మరి!" అంటుంది మీ అమ్మమ్మ. ఆమె చెప్పిన జవాబు సరైనదే, కారణం మాత్రం నీరు కాదు. ఆ కారణం తెలియడానికి రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రం దాటి వెళ్ళిన సైనికులు ఎంతో తోడ్పడ్డారు.

మన గోదావరి జిల్లాల పాత శత్రువు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పెరిగిన మీకు బోదకాలు గురించి వేరే చెప్పనక్కరలేదు. కాలు ఏనుగు కాలులా లావెక్కి, నడవడానికే కష్టపడే పెద్దవారిని మీరు చూసే ఉంటారు. ఈ జబ్బుకు కారణం ఫైలేరియా అనే పురుగు. చూడటానికి తెల్లని దారపు పోగులా ఉంటుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు, మగపురుగు సుమారు నాలుగు సెంటీమీటర్లు పొడవుంటాయి. మన ఒంట్లో రక్తనాళాలతో పాటు శోషరస నాళాలు అనే సన్నని గొట్టాలు కూడా ఉన్నాయి. అవి కండరాల మధ్య మిగిలిపోయిన నీటిని తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. అంటే కోనసీమ చేలకు మురుగు కాలువ ఎలాంటిదో, ఒంటికి ఈ నాళాలు అలాంటివి. ఫైలేరియా పురుగు అక్కడే కాపురం పెడుతుంది. ఏళ్ళ తరబడి బతుకుతుంది. కాలువ పూడితే చేను ముంపుకు గురైనట్టే, ఈ నాళాలు పాడైతే కాలు వాస్తుంది.

ఆడపురుగు లక్షలాది పిల్లపురుగులను కంటుంది. ఒక్కొక్కటి పావు మిల్లీమీటరు కన్న కొంచెం పెద్దది. మనదేశంలో ఇవి పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి పది, రెండు గంటల మధ్య రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే! ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూట తలుపు తట్టి వేలిమీద రక్తం తీసేది ఇందుకే. దోమలోకి చేరిన పిల్లపురుగు సుమారు పది పద్నాలుగు రోజుల్లో ఎదిగి, మరొకరికి అంటుకోవడానికి సిద్ధమవుతుంది.

సైనికులకు వచ్చిన వింత జబ్బు

1942లో అమెరికా సైనికులు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా, టోంగా వంటి దీవుల్లో దిగారు. అక్కడ కూడా ఫైలేరియా ఉంది. అయితే ఆ దీవుల్లో దోమ పగలు కుడుతుంది. కొన్ని నెలలు గడిచాయో లేదో, వేలాది సైనికులకు చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. చేతులమీద ఎర్రని చారలు తేలాయి. దీవుల ప్రజలు దీన్ని "ముము" అనేవారు. సైనికులు ఆ ప్రజల లావైన కాళ్ళు చూసి, తమ గతీ ఇంతేనని హడలిపోయారు.

వైద్యులు సైనికుల రక్తం పరీక్షించారు. ఆశ్చర్యం! పిల్లపురుగులు దాదాపు ఎవరి రక్తంలోనూ లేవు. మరోవైపు, దీవుల్లో పుట్టి పెరిగిన ఎందరికో రక్తం నిండా పిల్లపురుగులున్నా, పైకి ఏ బాధా లేదు!

జబ్బుపడినవారిని వెనక్కు పంపారు. ఆరెగాన్ రాష్ట్రంలోని క్లామత్ ఫాల్స్‌లో 1944లో ఇలాంటి సైనికుల కోసం ప్రత్యేక శిబిరం వెలిసింది. దోమకాటుకు దూరమైన తరువాత వాపులు క్రమంగా తగ్గాయి. వారు భయపడినట్టు ఏనుగుకాలు దాదాపు ఎవరికీ రాలేదు.

దొంగా, కాపలా కుక్కా

ఈ తేడా ఎందుకు వచ్చింది? మీ ఇంటి కుక్కను తలచుకోండి. గుమ్మంలోకి కొత్తవాడు వస్తే అది ఇల్లంతా అదిరేటట్టు మొరుగుతుంది. తెలివైన దొంగ ఏం చేస్తాడు? రోజూ ఒక ముద్ద వేసి కుక్కను మచ్చిక చేసుకుంటాడు. తరువాత ఎదుటే దోచుకుపోతున్నా అది తోక ఊపుతుంది.

మన ఒంటికి కాపలా కుక్క రోగనిరోధక శక్తి. ఫైలేరియా పురుగు కొన్ని పదార్థాలను స్రవించి ఆ శక్తిని శాంతింపజేస్తుంది. చిన్ననాటి నుంచి ఆ పురుగు ఉన్న ఊళ్ళో పెరిగినవారిలో చాలామంది శరీరం దానికి అలవాటు పడుతుంది. పైకి ఏ బాధా ఉండదు. లోపల మాత్రం నాళాలు పాడవుతూనే ఉంటాయి. సైనికుల శరీరం ఆ పురుగును ఎన్నడూ ఎరగదు. అందుకే ఒక్కసారిగా తిరగబడింది. ఆ వాపులు పురుగు చేసినవి కొంత, ఒళ్ళు చేసిన యుద్ధం వల్ల వచ్చినవి ఎక్కువ. ఎలర్జీ అంటే కూడా ఇదే తరహా: శత్రువు బలం కన్న మన ఆర్భాటం ఎక్కువ కావడం.

మదనపల్లెలో దొరికిన మరో ఆధారం

మన రాష్ట్రంలోనే దీనికి మరో నిదర్శనం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి కొందరు రోగులు రాత్రిళ్ళు ఆగని దగ్గుతో, ఆయాసంతో వచ్చేవారు. చూస్తే క్షయలాగే ఉంటుంది, క్షయ క్రిములు మాత్రం కనబడవు. రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో ఈ సంగతి ప్రకటించారు. మామూలుగా ఘన మిల్లీమీటరు రక్తంలో ఈ కణాలు అయిదువందలు దాటవు. ఈ జబ్బులో మూడువేలు దాటుతాయి. ఊపిరితిత్తుల్లో చేరిన ఫైలేరియా పిల్లపురుగులపై ఒళ్ళు చేసే ఎలర్జీ యుద్ధమే దీనికి మూలమని తరువాత తేలింది.

భీమవరం బిడ్డ అందించిన మందు

యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1947లో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి హెట్రజాన్ అనే మందు వెలువడింది. దాన్నే నేడు డి.ఇ.సి. అంటున్నాం. ఆ పరిశోధనకు నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. వశిష్ఠ దాటితే పడమట ఉన్న భీమవరంలో 1895లో పుట్టినవాడు!

ఈ మందులో ఒక చిత్రముంది. మన రక్తంలో ఉండేటంత మోతాదును గాజు పాత్రలో పిల్లపురుగులపై పోస్తే అవి చావవు, హాయిగా ఈదుతూనే ఉంటాయి. అదే మందు మనిషి మింగితే గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. అంటే మందు ఒక్కటే పని చేయదు. నిద్రపోతున్న కాపలా కుక్కను తట్టి లేపుతుంది. తక్కిన పని ఒళ్ళే చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2004 నుంచి మనదేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి అందరికీ ఈ మాత్రలు పంచే పథకం మొదలైంది. తూర్పు గోదావరి అందులో ఒకటి. మాత్ర మింగిన కొందరికి ఆ రాత్రి జ్వరం, తలనొప్పి, తల తిరగడం వస్తాయి. "మాత్ర మింగితేనే జబ్బు చేసింది" అని మరుసటి ఏడు చాలామంది దాన్ని చాటుగా పారేస్తారు. ఇంతవరకు చదివిన మీకు ఆ జ్వరం ఎందుకో తెలిసిపోయింది కదూ? పిల్లపురుగులు చస్తున్నాయి, ఒళ్ళు మేల్కొంది. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గుతుంది. ఆయాసం వంటి తీవ్రమైన బాధ వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఈ మాత్రలు ఇవ్వరు.

మరి టీకా ఎందుకు లేదు?

పోలియోకు, ధనుర్వాతానికి టీకా ఉన్నప్పుడు దీనికెందుకు లేదని మీరడగవచ్చు. టీకా అంటే కాపలా కుక్కకు దొంగ బొమ్మ ముందే చూపించడం. కాని మచ్చికైన కుక్కకు ఆ బొమ్మ చూపిస్తే ఏమవుతుందో చెప్పడం కష్టం. బ్రెజిల్‌లో కొంకిపురుగుకు ఒక టీకాను ప్రయత్నించారు. అంతకుముందే ఆ పురుగు సోకి ఉన్న కొందరికి సూది వేయగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. వారి రక్తంలో ఎలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. 2012లో ఆ ఫలితం వెలువడింది. పురుగుల టీకాకు దారి ఎంత జాగ్రత్తగా వేయాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి మన ఆయుధాలు మూడు: ఇంటి చుట్టూ మురుగు నిలవనీయకపోవడం, దోమతెర, మాత్ర. ఇప్పటికే కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే జ్వరాలూ, వాపూ తగ్గుతాయి.

2027 నాటికి దేశంలో బోదకాలు లేకుండా చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. మీ ఊళ్ళో మాత్రలు పంచే రోజు వస్తే మీ తాతయ్య "నాకే బాధా లేదు, నాకెందుకురా?" అనవచ్చు. బాధ లేకపోవడమే ఆ పురుగు ఎత్తు అని చెప్పండి. భోజనం పెట్టించి, ఆయన మాత్ర మింగేదాకా పక్కనే కూర్చోండి!