వాసనల పేళ్ళు

మనుష్యుని ముక్కు జంతువుల ముక్కుకంటె మిక్కిలి మందమైనదనియు, అందుచేతనే భాషలయందు వాసనలకు పేళ్ళు తక్కువయనియు ఒక అభిప్రాయము చిరకాలముగా చెల్లుచున్నది. తెలుగును దృష్టిలో నుంచుకొని చూచినచో ఈ రెండు మాటలును మరల పరీక్షింపదగినవని మా తలంపు.

మొదటి మాట 19వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బ్రోకా చేసిన మెదడుల పరిశీలననుండి బలపడినది. మన మెదడుతో పోల్చి చూడగా అందలి ఘ్రాణకందము చిన్నదిగా కనబడును. కాని ఆ కందములోని నాడీకణముల సంఖ్య ఇతర క్షీరదములకంటె అంతగా తక్కువ కాదని 2017లో జాన్ మెక్‌గాన్ చూపెను. వాసనలను పట్టు గ్రాహకముల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుగొనిరి. 2004లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఇట్టి జన్యువులలో పనిచేయునవి మనుష్యునకు సుమారు 400, కుక్కకు 800, ఏనుగునకు 2,000. కుక్క పసిగట్టినంత మనము పసిగట్టలేమనుట నిజమే. అయినను, సువాసన బియ్యమునకు ఆ తావి నిచ్చు పదార్థము వేయికోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలున్నను మన ముక్కునకు తెలియును. ఇది మందమైన ముక్కు చేయగల పని కాదు.

ఇక రెండవ మాట. తావి, కంపు మున్నగు పదములు వాసన మంచిదో చెడ్డదో చెప్పునే కాని ఎట్టిదో చెప్పవు. ఆ తీర్పైనను నిలకడగలది కాదు: కన్నడమున 'కంపు' పరిమళము, మనకు దుర్గంధము. మల్లెవాసన, మట్టివాసన యనునవి వస్తువుల పేళ్ళే. మలేషియా అడవులలోని జహాయి జనులు వస్తువుతో పనిలేకయే వాసనలను జాతులుగా పేర్కొందురని 2014లో ప్రకటింపబడినప్పుడు పండితులు వింతపడిరి. మన 'నీచు' మాట యేమి? పచ్చిచేప, పచ్చిగ్రుడ్డు, పచ్చిమాంసము, అవి తగిలిన గిన్నె — అన్నిటికిని అది యొకటే పేరు. వీనిలో ఏ వస్తువు పేరును కాదు. మాడిన నేతికిని కాలిన వెండ్రుకకును చెల్లు 'కమురు' అట్టిదే.

బియ్యపు మిల్లులుగల మండపేట వంటి ఊళ్ళలో 'ముక్క వాసన' యను మాట వ్యాపారమునకు సంబంధించినది. తేమ తగిలిన నిలువబియ్యమునకు బూజు పట్టుటచేతను, మిగిలిన తవుడులోని నూనె చెడుటచేతను ఆ వాసన పుట్టును. సరకు ధర ఆ యొక్క మాటతో దిగిపోవును.

మండపేట నేలక్రింద సహజవాయువును కలదు. అందలి ప్రధానాంశమగు మీథేనునకు తనదైన వాసన లేదు. ఇండ్లకు సరఫరాచేయు వంటవాయువునకు గంధకముతో కూడిన మెర్కాప్టన్లను చేర్చుదురు. జనులు 'గ్యాసు వాసన' యనునది ఈ చేర్పుదే. దానిని 'కంపు' అని మాత్రమే యన్నవాడు మురుగుకాలువను వెదకును. 'గ్యాసు వాసన' యన్నవాడు పొయ్యి ముట్టింపడు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామమున గొట్టమునుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిన ప్రాంతమున ఇది వట్టి పదచర్చ కాదు.

మిల్లులయందును వంటిండ్లయందును వినవచ్చు ఇట్టి పదములను సేకరించువారు పదముతో తృప్తిపడక, దానిని ఏయే వస్తువులకు వాడుదురో, వేటికి వాడరో కూడ అడిగి వ్రాసికొనవలెను. నీచు అను మాట ఎండుచేపకు చెల్లునా యని అడిగి చూచినచో పని ఎంత యున్నదో తెలియును.