గిన్నె అతికినా.. తుంటిపై కన్నేసి ఉంచాలి!

హోసూరు: రోడ్డు ప్రమాదంలో తుంటి గిన్నె విరిగింది. ఆపరేషన్‌ చేసి ప్లేట్లు, స్క్రూలు బిగించారు. మూడు నెలలకు చేతికర్ర పక్కన పెట్టేసి నడక మొదలైంది. ఇక గండం గడిచినట్లే అనుకుంటే పొరపాటే. కొందరికి ఆ తర్వాత తుంటి మార్పిడి తప్పడం లేదు.

హోసూరు, శూలగిరి, కృష్ణగిరి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై రాత్రీపగలూ లారీల రద్దీయే. కారు ఢీకొన్నప్పుడు మోకాలు డ్యాష్‌బోర్డుకు తగిలితే ఆ దెబ్బ తొడ ఎముక మీదుగా వెళ్లి గిన్నెను పగలగొడుతుంది. బైకు మీంచి పక్కకు పడ్డా అంతే.

ఎందుకిలా?
గిన్నె లోపల నున్నటి మృదులాస్థి ఉంటుంది. అతికించినప్పుడు ఒకట్రెండు మిల్లీమీటర్లు ఎగుడుదిగుడుగా ఉన్నా అది అరిగిపోతుంది. కీలు తప్పినప్పుడు తొడ ఎముక తలకు రక్తప్రసారం ఆగితే ఆ ఎముక చచ్చుబడుతుంది. 2012లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనంలో ఎనిమిది వందల మందికి పైగా రోగులను పరిశీలించారు. ఇరవై ఏళ్ల లెక్కలో 79 శాతం తుంట్లు నిలిచాయి. అంటే దాదాపు ఐదింట ఒకటి దెబ్బతింది. నలభై దాటినవారికి, గిన్నె వెనుక గోడ విరిగినవారికి ముప్పు ఎక్కువ. మార్పిడి అవసరం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడుతుంది.

కట్టుతో కాలయాపన వద్దు
ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తడం సరిహద్దు పల్లెల్లో అలవాటే. చెయ్యి, కాలు సంగతి ఎలా ఉన్నా, లోతుగా ఉండే గిన్నెను పైకట్టు పట్టి ఉంచలేదు. తప్పిన కీలును గంటల్లోనే సరిచేయాలి. ఆపరేషన్‌ మూడు వారాలు దాటితే ముక్కలను సరిగ్గా కూర్చడం కష్టమవుతుంది. తమిళనాడులో ప్రమాదానికి గురైనవారికి మొదటి 48 గంటల చికిత్సను ఉచితంగా అందించే పథకం 2021 డిసెంబరులో మొదలైంది. ఏ రాష్ట్రం వారికైనా ఇది వర్తిస్తుంది. 108కి ఫోన్‌ చేయాలి.

ఇవి గమనించండి
* గజ్జల్లో నొప్పి, కుంటు, చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోవడం కనిపిస్తే వెంటనే ఎక్స్‌రే తీయించాలి.
* నొప్పి లేకున్నా డాక్టరు చెప్పిన గడువులకు వెళ్లాలి.
* పాత ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు, డిశ్ఛార్జి కాగితాలు పారేయొద్దు. పాత ప్లేట్లున్న చోట తుంటి మార్చడం మామూలు మార్పిడి కంటే కష్టం. డాక్టరుకు అవే ఆధారం.
* డాక్టరు చెప్పేదాకా ఆ కాలిపై పూర్తి బరువు మోపొద్దు. బీడీ, సిగరెట్‌ మానాలి.