పార్కిన్సన్స్ వ్యాధి: లక్షణమేది, మందు ప్రభావమేది?

గత యూనిట్‌లో మెదడు నిర్మాణాన్ని, నాడీకణాల పనితీరును చదివారు. ఇప్పుడు పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న వ్యక్తిని ఇంట్లో చూసుకునేవారికి ఎదురయ్యే ఒక చిక్కును పరిశీలిద్దాం. రోగిలో కనిపించిన మార్పు వ్యాధి ముదరడం వల్ల వచ్చిందా, మందు ఎక్కువై వచ్చిందా, మందు ప్రభావం తగ్గిపోయి వచ్చిందా అనేది పైకి చూస్తే తెలియదు. ఒక స్థితిలో మోతాదు పెంచాల్సి రావచ్చు, మరో స్థితిలో తగ్గించాల్సి రావచ్చు. అందుకే వీటిని వేరుచేసి గుర్తించడం అవసరం.

వ్యాధి స్వభావం

ఈ వ్యాధిని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వివరంగా వర్ణించాడు. మధ్య మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు క్రమంగా నశించడం దీనికి మూలం. విశ్రాంతిగా ఉన్న చేయి వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, కదలికలు మందగించడం ప్రధాన లక్షణాలు. వణుకు లేదు కాబట్టి ఈ వ్యాధి కాదనుకోవడం సరికాదు. కొందరిలో వణుకు అసలు ఉండదు. చేతిరాత చిన్నదైపోవడం, వాసన తెలియకపోవడం, ఏళ్ల తరబడి మలబద్ధకం వంటివాటిని ఇంట్లోవాళ్లు వయసు ఖాతాలో వేస్తారు. ముఖ కండరాలు బిగుసుకుని నవ్వు కనిపించకపోతే, పెద్దాయనకు తమ మీద కోపమనుకుని నొచ్చుకునేవారూ ఉంటారు.

లెవోడోపా ఎలా పనిచేస్తుంది?

డోపమైన్‌ను నేరుగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి చేరదు. అందువల్ల మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారే లెవోడోపాను ఇస్తారు. దారిలోనే మారిపోకుండా దానికి కార్బిడోపాను కలుపుతారు. 1960లలో వాడుకలోకి వచ్చిన లెవోడోపాయే నేటికీ ప్రధాన ఔషధం. మనకు తెలిసిన దూలగొండి గింజల్లో కూడా లెవోడోపా ఉంది. భారతీయ శాస్త్రవేత్తలు 1937లోనే దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు. కాబట్టి "మూలికే కదా, ఏమవుతుంది" అని మాత్రలకు తోడు దూలగొండి చూర్ణం ఇస్తే, డాక్టరుకు తెలియకుండా మోతాదు పెంచినట్లే.

లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. సుమారు గంటన్నరలో సగానికి తగ్గుతుంది. తొలి ఏళ్లలో మిగిలివున్న నాడీకణాలు దాన్ని నిల్వచేసుకుని నిదానంగా వాడుకుంటాయి. వ్యాధి ముదిరేకొద్దీ ఆ శక్తి పోతుంది. అప్పుడు పదింటికి పెరట్లో నడిచిన మనిషి పన్నెండింటికి కుర్చీలోంచి లేవలేరు. "ఇందాక బాగానే నడిచారు కదా, ఇప్పుడేమైంది?" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది బద్ధకం కాదు, నటన అంతకన్నా కాదు. రెండు మాత్రల మధ్య మందు అయిపోయింది, అంతే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి డిస్కినీజియా. సాధారణంగా మందు రక్తంలో అత్యధికంగా ఉన్న వేళ తల, భుజాలు, కాళ్లు తమంతట తామే మెలికలు తిరుగుతాయి. వణుకులో ఒక లయ ఉంటుంది, ఇందులో ఉండదు. దీన్ని వణుకు పెరిగిందని పొరబడి ఇంకో అర మాత్ర వేస్తే మెలికలు ఎక్కువవుతాయి.

నోటుపుస్తకం

ఈ రెంటినీ వేరుచేసేది సమయం. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు మూడు నాలుగు రోజుల పాటు మాత్ర వేసిన వేళ, భోజనం వేళ, రోగి చురుగ్గా ఉన్న వేళ, బిగుసుకుపోయిన వేళ, మెలికలు తిరిగిన వేళ రాయాలి. ఫోనులో అర నిమిషం వీడియో తీస్తే మరీ మంచిది. డాక్టరు రోగిని చూసేది కొద్ది నిమిషాలే. "ఈమధ్య అస్సలు బాగుండటం లేదండీ" అనే మాటతో వారు తేల్చగలిగింది తక్కువ.

భోజనం వేళ ఎందుకంటే, పప్పు, గుడ్డు, మాంసం, పెరుగులోని మాంసకృత్తులు లెవోడోపాతో పోటీపడి దాన్ని మెదడుకు చేరకుండా అడ్డుకోగలవు. అందుకే సాధారణంగా మాత్రను భోజనానికి అరగంట ముందు గాని, గంట తరవాత గాని వేయమంటారు. అలాగని పప్పు మానిపించి రోగిని నీరసపరచకూడదు.

ఇతర దుష్ప్రభావాలు

ఇంట్లో లేని పిల్లలో, చిన్న జంతువులో కనిపిస్తున్నాయని రోగి చెప్పవచ్చు. అది గాలి సోకడం కాదు. మందు వల్ల గాని, వ్యాధి వల్ల గాని కలిగే భ్రాంతి. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూడాలి. భయపడి మాత్రలు ఒక్కసారిగా ఆపేయకూడదు. అలా ఆపితే తీవ్ర జ్వరం, కండరాల బిగుతు, స్పృహ తప్పడం వంటి ప్రాణాపాయ స్థితి రావచ్చు.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో కొందరికి అదుపులేని పేకాట, అనవసరపు కొనుగోళ్లు మొదలవుతాయి. పరువు పోతుందని కుటుంబాలు దాచే విషయమిది. నా అభిప్రాయంలో డాక్టరుకు ముందుగా చెప్పవలసింది ఇదే, ఎందుకంటే మందు మార్చితే చాలామందిలో ఇది తగ్గుతుంది.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ డోపమైన్ పనికి అడ్డుపడతాయి. వ్యాధి లేనివారిలోనూ ఇవి ఇలాంటి లక్షణాలే తెప్పించగలవు. మందుల షాపులో ఏది కొన్నా, ఏ ఆసుపత్రిలో చేరినా, పార్కిన్సన్స్ ఉందని, మాత్రల వేళలు ఇవని ముందే చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక రోగి నోటుపుస్తకంలోని ఒక పేజీ (ఊహాత్మకం):

ఉదయం 7.00 మాత్ర. 7.45 నడక సులువు. 10.30 బిగుతు. 11.00 మాత్ర. 11.40 నడక సులువు. మధ్యాహ్నం 2.30 పప్పు, గుడ్డుకూర, పెరుగుతో భోజనం. 2.45 బిగుతు. 3.00 మాత్ర. సాయంత్రం 4.30 ఇంకా లేవలేదు. రాత్రి 7.00 మాత్ర. 7.40 నడక సులువు.

1. ఉదయం 10.30కి, సాయంత్రం 4.30కి కనిపించిన ఇబ్బందికి కారణం ఒకటేనా? మీ జవాబుకు ఆధారం చూపండి.

2. ఈ పేజీ చూపిస్తూ డాక్టరుకు మీరేం చెబుతారో రెండు వాక్యాల్లో రాయండి.