దుఃఖమునకొక వ్యాపకము

ఇంట ఒకరు కాలధర్మము చెందినప్పుడు పదిదినములును ఇల్లు బంధుజనముతో నిండియుండును. కర్మలన్నియు ముగిసి, వచ్చినవారు ఎవరి యూళ్లకు వారు మరలిన పిదపనే అసలైన వెలితి తెలియవచ్చును. వేళకు మందిచ్చుట, పథ్యము వండుట, నిద్రాభంగము కాకుండ తలుపు చేరవేయుట, ఇట్టి పనులకు ఏండ్లతరబడి అలవాటుపడిన చేతులు ఒక్కమారుగా పనిలేనివై పోవును. ఆ చేతులకు మరల పని దొరకినగాని మనస్సు కుదుటపడదు. పురాణశ్రవణము, తీర్థయాత్ర, మనుమల పెంపకము మున్నగు మార్గములు మనకు చిరపరిచితములే. అంతగా ప్రచారము లేని మార్గము మరియొకటి కలదు: పోయినవారు ఏ కళను ఆరాధించిరో, ఆ కళను సాధింపగోరు పరులకు అండగా నిలుచుట. అమెరికా దేశస్థురాలైన మేరియన్ మెక్‌డోవెల్ జీవితము ఇందులకు చక్కని దృష్టాంతము.

1857లో జన్మించిన ఈమె పియానో విద్వాంసురాలు కావలెనను ఆశతో జర్మనీ కేగి, ప్రఖ్యాత విదుషి క్లారా షూమన్ కడ శిష్యరికము చేయదలచినను, పరిస్థితులు అనుకూలింపక, ఎడ్వర్డ్ మెక్‌డోవెల్ అను తన దేశపు యువకుని వద్ద పాఠములు నేర్చుకొనవలసివచ్చెను. గురువు శిష్యురాలికంటె వయస్సున చిన్నవాడు. 1884లో వారికి వివాహమయ్యెను. భర్త స్వరరచనయందు అసాధారణుడని గ్రహించిన యామె, తన సాధనను క్రమముగా వెనుకకు నెట్టి, ఆతని ఏకాంతమునకు కావలికాయుటయే వ్రతముగా పెట్టుకొనెను. 1896లో ఎడ్వర్డ్ కొలంబియా విశ్వవిద్యాలయమున సంగీతమునకు ప్రథమాచార్యుడయ్యెను. ఆ సంవత్సరముననే ఆమె న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి పీటర్‌బరోలో ఒక వ్యవసాయక్షేత్రమును కొని, తరువాత అందలి యడవిలో దుంగలతో కుటీరము కట్టించి భర్తకు కానుకగా నొసగెను. వేసవిలో ఆతడు ఆ కుటీరమున స్వరరచనలో నిమగ్నుడైయుండగా, మధ్యాహ్నవేళ ఆమె భోజనపు బుట్ట తెచ్చి, తలుపు తట్టక, పలుకరింపక, గడపవద్ద నుంచి, వచ్చిన త్రోవనే మరలిపోవుచుండెడిది.

ఈ సుఖము చిరకాలము నిలువలేదు. 1904లో అధికారులతో పొసగక ఎడ్వర్డ్ ఆచార్యపదవిని వదలుకొనెను. అనతికాలముననే ఆతని బుద్ధి మందగించి, తుదకు పసివానివలె మారిపోయెను. అడవికుటీరమున తనకు సమకూరిన ప్రశాంతత ఇతర కళాకారులకును లభింపవలెనన్నది ఆతని కోరిక. ఆతని సహాయార్థము న్యూయార్కు నగరపు మెండెల్సన్ గాయకసంఘము 1906లో చందాలు ప్రోగుచేయ నారంభించెను. ఆ ధనము ఆలంబనముగా 1907లో పీటర్‌బరో క్షేత్రమున కళాకారుల నివాసము మొదలయ్యెను. తొలుత వచ్చినవారు ఇద్దరు అక్కచెల్లెండ్రు. ఒకరు శిల్పి, ఒకరు రచయిత్రి. మరుసటి యేడు జనవరి 23వ తేదీన, 47 ఏండ్ల వయస్సున, ఎడ్వర్డ్ మరణించెను.

సంతానము లేని ఆ వితంతువునకు అప్పటికి 50 ఏండ్లు నిండినవి. కళాకారుల నివాసమునకో, నిలకడయైన రాబడి లేదు. ఆమె చిరకాలము మూతపెట్టిన పియానోను మరల తెరచి, మొద్దుబారిన వ్రేళ్లను తిరిగి సాధనకు దింపి, ఊరూరను మహిళాసమాజములలో భర్త కృతులను వాయించుచు, వచ్చిన సొమ్మును పీటర్‌బరో ఖర్చులకు వినియోగించెను. సభలో ఆమె వ్రేళ్ల క్రింద పలుకునది పోయిన భర్త పాట. దానివలన వచ్చిన ధనముతో లేచునది, ఆమె ముఖమైన ఎరుగని యే కవికో, ఏ చిత్రకారునికో ఒక గది. శోకమును దాచుకొనవలసిన పని లేదు, అందులోనే మునిగిపోవుటకు తీరికయు లేదు.

ఆ నివాసపు కట్టుబాట్లు గమనింపదగినవి. ఒక్కొక్కరికి అడవిలో విడిగా నొక పనిగది. పిలువనిదే పగటిపూట ఒకరి గదికి మరియొకరు పోరాదు. మధ్యాహ్నభోజనము బుట్టలో గడపవద్దకు వచ్చును. రాత్రి అందరును కూడి భుజింతురు. అచ్చట పనిచేసినవారు వెడలునపుడు గదిలోని చెక్కపలకపై తమ పేరు వ్రాసి పోవుట ఆచారము. భర్తకొక్కనికి చేసిన పరిచర్యనే ఆమె నియమముగా మార్చి, అపరిచితులకు పంచిపెట్టెనని వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను ఆమె ఔదార్యపు గొప్పతనము మరియొకచోట నున్నది. మెక్‌డోవెల్ సంగీతము పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా భావుకతకు చెందినది; ఆతని మరణానంతరము అభిరుచులు మారి, ఆతని కీర్తి సన్నగిల్లెను. అట్లు మారుచున్న కాలమునకు ప్రతినిధులైనవారికే ఆమె ఆశ్రయమిచ్చెను. ఆరన్ కోప్లండ్ 1925లో అచ్చటనే కూర్చుండి జాజ్ పోకడలు గల తన నూతన రచనను సాగించెను. విల్లా కేథర్, థార్న్‌టన్ వైల్డర్ ప్రభృతులు అచ్చట వ్రాసికొనిరి. తన భర్తవలె వ్రాయుడని ఆమె వారిని నిర్బంధింపలేదు. ప్రియతముని స్మృతిని రక్షింపబూనినవారు సాధారణముగా ఆతని పద్ధతిని గూడ శిలాశాసనము చేయజూతురు. ఆమె రక్షించినది పద్ధతిని కాదు, పనిచేయుటకు వలసిన నిశ్శబ్దమును. 1938 సెప్టెంబరులో ఘోరమైన తుపాను ఆ యడవిని నేలకూల్చినపుడు, 81వ యేట నున్న ఆమె మరల నిధులకై పూనుకొనెను. 1956లో, 98 ఏండ్ల వయస్సున ఆమె కన్నుమూసెను.

ఇట్టి పూనిక మన గోదావరీతీరమున లేకపోలేదు. రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏండ్లు నిండకయే 1925 ఫిబ్రవరిలో మశూచికి బలియయ్యెను. ఆతడు నెలకొల్పిన చిత్రకళాశాల ఇంకను శైశవదశయందే యుండెను. మిత్రుడు వరదా వెంకటరత్నము దానిని అస్తమింపనీయక, పిల్లలకు కుంచె పట్టుట నేర్పుచు కొనసాగించెను. రామారావు చిత్రములు నేటికిని ఆ నగరపు చిత్రశాలలో చూడవచ్చును.

ఈ మార్గమున ఉపశమనము కలుగుటకు కారణము స్పష్టమే. జ్ఞాపకము మనస్సును వెనుకకు లాగును. ఇంకను పూర్తికాని పరుల పని ఱేపటికి ఏమి వలయునో అడుగును. కవికి కాగితములు కావలెను, గాయకునికి శ్రుతి పెట్టె బాగుచేయించవలెను, అద్దె కట్టవలెను. ఇందులకు అడవియు క్షేత్రమును అక్కరలేదు. తండ్రి పోయిన యింట మూలబడిన వయొలిన్‌ను పొరుగింటి పిల్లకిచ్చి, నెలనెలా గురువుగారికి జీతము కట్టుట చాలును. మొదటి దినములలోనే ఇందుకు తొందరపడనక్కరలేదు. ఏడ్వవలసినంత ఏడ్చిన పిదపనే పూనుకొనవచ్చును. కాని ఆ పిల్ల తండ్రిగారివలె వాయింపవలెనని మాత్రము ఎదురుచూడరాదు. అపస్వరము పలికినను, సినిమాపాట వాయించినను, జీతము వేళకు కట్టుచునే యుండవలెను.