లినక్సు నవీకరణము పిమ్మట ప్రవేశము నిలిచినచో నేమి చేయవలెను?

లినక్సు కెర్నెలును ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్సు 1991వ సంవత్సరమున వెలువరించెను. దీనిని ఎవరైనను వెల లేక పొందవచ్చును, మార్చుకొనవచ్చును, పరులకు పంచిపెట్టవచ్చును. మన దేశమున సి-డాక్ సంస్థవారు దీని నాధారముగా గొని 2007లో బాస్ అను వ్యవస్థను వెలువరించిరి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగున మాటలాడు లినక్సును సిద్ధపరచిరి. కొద్దిపాటి ధనముతో పిల్లలకు విద్య గరపవలసిన ఇండ్లకును బడులకును ఇది గొప్ప మేలు.

అయితే ఏ వ్యవస్థనైనను అప్పుడప్పుడు నవీకరింపక తప్పదు. ఉబుంటు అను లినక్సునందు రెండేండ్లకొకమారు ఏప్రిల్ నెలలో దీర్ఘకాలపు ప్రతి వెలువడును. ఒక్కొక్క ప్రతికి అయిదేండ్లు సాధారణ రక్షణ మొసగుదురు. నవీకరణము ముగిసి యంత్రమును మరల వెలిగించినప్పుడు కొన్నిమార్లు సంకేతపదమును వ్రాసినను లోనికి పోనీయక, ప్రవేశపు తెరయే తిరిగి తిరిగి వచ్చుచుండును. అంతట భయపడి అనేకులు డిస్కును తుడిచివేయింతురు. దానితో విద్యార్థి యేడాది పొడవున వ్రాసికొన్న పాఠములును, ఇంటివారి ఛాయాచిత్రములును నశించును. ఇట్టి నష్టము అనవసరమని చూపుటయే మా యుద్దేశము.

మన ఓరుగల్లు కోటను చూచినవా రెరుగుదురు: మట్టికోటను దాటిన పిదప రాతికోట యున్నది, దాని ద్వారములో త్రోవ వంకరగా తిరుగును. కంప్యూటరులోనికి ప్రవేశించుటయు నట్టిదే. మొదట కెర్నెలు మేల్కొని తెరను నడపవలెను. తరువాత సంకేతపదము పరీక్షింపబడవలెను. అటుపిమ్మట మన గది, అనగా మన పేర నున్న అమరికలతో కూడిన పని తెర, తెరువబడవలెను. ఏ ద్వారమున నిలిచితిమో తెలిసికొన్నచో సగము పని తీరినట్లే.

మొదట తెరపై వచ్చు మాటను చదువవలెను. సంకేతపదము తప్పని చెప్పినచో అక్షరముల అమరికను చూడుడు. తెలుగువారికి ఈ చిక్కు తరచు కలుగును. ఇన్‌స్క్రిప్టు అమరిక వచ్చియున్నచో ఆంగ్లపు హెచ్ మీటను నొక్కిన ‘ప’ పడును. సంకేతపదము సరియైనదైనను యంత్రమునకు వేరుగా చేరును. తెర మూలనున్న భాషా గుర్తును నొక్కి ఆంగ్లమునకు మార్చవలెను. పెద్దయక్షరముల మీట పడియున్నదేమో కూడ చూడవలెను.

తప్పని చెప్పక, తెర నల్లబడి మరల ప్రవేశపు తెరయే వచ్చినచో సంకేతపదము అంగీకరింపబడినదనియే తలపవలెను. దోషము లోపలి గదిలో నున్నది. కంట్రోలు, ఆల్టు మీటలను పట్టియుంచి ఎఫ్ 3 మీటను నొక్కుడు. బొమ్మలులేని అక్షరముల తెర వచ్చును. అక్కడ పేరును సంకేతపదమును వ్రాయవలెను. వ్రాయునపుడు చుక్కయైన కనబడదు గాన కలవరపడకుడు.

లోనికి పోయిన తరువాత డి.ఎఫ్. అను ఆజ్ఞతో డిస్కునందు ఖాళీ యున్నదేమో చూడుడు. నవీకరణమునకై దిగిన మూటలతో డిస్కు నిండిన యెడల వ్యవస్థ చిన్న చిట్టీనైనను వ్రాయజాలక మనలను వెలుపలికి త్రోయును. ఉబుంటు, డెబియనులందు సుడో ఆప్ట్ క్లీన్ అను ఆజ్ఞ ఆ మూటలను తొలగించును. మీ వ్రాతలను ముట్టదు. నవీకరణము నడుమ విద్యుత్తు పోయియుండినచో సగము నిలిచిన పనిని పూర్తిచేయుటకు సుడో డి.పి.కె.జి. ఆజ్ఞకు కాన్ఫిగర్, ఎ (-a) అను సూచనలను చేర్చి నడుపవలెను.

మూడవది, ఇంటి సంచిలో చుక్కతో మొదలగు ఎక్స్ అథారిటీ అను చిన్న దస్త్రము. కొన్ని వ్యవస్థలలో అది మన పేర గాక పాలకుని, అనగా రూట్ అను వాని, పేర నుండినచో పని తెర తెరువబడదు. దానిని తుడిచివేయక పేరు మార్చిన చాలును. మరల ప్రవేశించునప్పుడు క్రొత్తది పుట్టును.

ఇంకను తీరనిచో పరీక్షకొరకు క్రొత్త వినియోగదారు నొకని చేర్చుడు. అతడు సుఖముగ ప్రవేశించినచో వ్యవస్థ క్షేమమే. మన పాత అమరికలే చెడినవి. అతడును ప్రవేశింపలేనిచో, లేక తెర నల్లగానే నిలిచినచో, క్రొత్త కెర్నెలునకు తెర నడుపు డ్రైవరు కుదురలేదేమో చూడవలెను. ఎన్విడియా కార్డులయం దిది తరచుగ జరుగును. యంత్రము లేచునప్పుడు గ్రబ్ పట్టికలో పాత కెర్నెలును ఎన్నుకొనుడు. దానితో తెర వచ్చినచో డ్రైవరును తిరిగి స్థాపించిన సరిపోవును.

ఈ యుపాయము లన్నియు విఫలమైనను తుడిచివేయుటకు తొందరపడకుడు. లినక్సు నిమిడ్చిన పెన్‌డ్రైవు నుండి యంత్రమును లేపి, డిస్కునందలి మీ వ్రాతలను వేరొక చోటికి నకలు చేసికొనవచ్చును. తలుపు తెరువకున్నంత మాత్రమున ఇంటిలోని సొత్తు పోలేదు గదా!

విద్యార్థులారా, నవీకరణమునకు ముందు నకలు తీసికొనుడు; డిస్కులో చోటు చూచికొనుడు; పని ముగియువరకు విద్యుత్తు ఉండునట్లు జాగ్రత్తపడుడు. చిక్కు కలిగిన యెడల ఒకమారు ఒక మార్పు మాత్రమే చేసి, ఫలితమును కాగితముపై వ్రాసికొనుడు. పది మార్పులు ఒక్కమారు చేసినవానికి ఏది మేలు చేసెనో తెలియదు. ఓపికతో కారణమును వెదకుట నేర్చుకొన్నవానికి ఈ యొక్క యంత్రమే గాక, రేపు ఎదురగు ఏ యంత్రమైనను లోబడును.