మీకు తెలుసా? కువైట్‌లో మంచమూ అద్దెకే!

రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడ ఇల్లు తీసుకోరు, మంచం తీసుకుంటారు. పేరు ‘బెడ్ స్పేస్’. ఒకే గదిలో రెండంతస్తుల ఇనుప మంచాలు, కింద సూట్‌కేసు. వంటగది, బాత్రూము అందరిదీ. ఫర్వానియా, జలీబ్, మహబూలా ప్రాంతాల్లో ఇవి ఎక్కువ. మన కడపోళ్ల గది దొరికితే సంగటికీ లోటుండదు! చవక ఒక్కటే చూస్తే మాత్రం ప్రమాదం. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు కిక్కిరిసి ఉన్న భవనానికి నిప్పంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు, చాలామంది పొగకే. ఇక ఇంటిపనికి వెళ్లేవారికైతే వసతి, భోజనం యజమానే ఇవ్వాలన్నది 2015 నాటి కువైట్ చట్టం. వాళ్ల దగ్గర గది అద్దె పేరుతో డబ్బడిగే ఏజెంటుకు పైసా ఇవ్వకండి.