కృత్రిమ మేధ ఆధారిత బయోటెక్నాలజీ సంస్థలలో పెట్టుబడి

కృత్రిమ మేధ ఆధారిత బయోటెక్నాలజీ సంస్థలు అనగా కొత్త ఔషధాల అన్వేషణలో కంప్యూటరు నమూనాలను ప్రధాన సాధనంగా వాడే సంస్థలు. వీటి వాటాలను కొనడం అధిక నష్టభయం గల పెట్టుబడిగా పరిగణించబడుతుంది. ఔషధ అణువును వెదికే కాలాన్ని కంప్యూటరు తగ్గించగలదు గాని, ఆ ఔషధం మనిషి శరీరంలో పనిచేస్తుందో లేదో తేల్చేది క్లినికల్ పరీక్షలే. 2020 తరువాత ఈ రంగంలోని మదుపరుల లాభనష్టాలకు ఈ తేడాయే ముఖ్య కారణమైంది.

నేపథ్యం

ఒక కొత్త ఔషధం ప్రయోగశాల నుండి మందుల దుకాణానికి చేరడానికి సాధారణంగా 10 నుండి 15 సంవత్సరాలు పడుతుంది. మనుషులపై పరీక్షల దశకు చేరిన ప్రతి 10 ఔషధాలలో దాదాపు 9 ఆమోదం పొందకుండానే ఆగిపోతాయి. ఈ కాలాన్ని, వైఫల్యాలను తగ్గించవచ్చుననే ఆశతో 2012లో స్కాట్లాండులోని డండీలో ఎక్సైంషియా, 2013లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో రికర్షన్, అదే సంవత్సరం లండనులో బెనివొలెంట్ ఏఐ, 2014లో ఇన్‌సిలికో మెడిసిన్ సంస్థలు ప్రారంభమయ్యాయి.

2020లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ రూపొందించిన ఆల్ఫాఫోల్డ్-2, అమైనో ఆమ్లాల వరుసను బట్టి ప్రొటీన్ల త్రిమితీయ ఆకృతిని అధిక కచ్చితత్వంతో అంచనా వేయగలిగింది. దీనికి గాను 2024 నోబెల్ రసాయన శాస్త్ర బహుమతిలో సగభాగం డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు లభించింది. మిగిలిన సగం ప్రొటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు దక్కింది. ఈ పరిణామాలతో మదుపరుల ఆసక్తి బాగా పెరిగింది.

కంప్యూటరు చేసే పని, చేయలేని పని

ఔషధ తయారీలో మొదటి మెట్టు వ్యాధికి కారణమైన ప్రొటీనును గుర్తించడం. రెండవది ఆ ప్రొటీనుకు అతుక్కుని దాని పనిని మార్చగల అణువును రూపొందించడం. కృత్రిమ మేధ ముఖ్యంగా ఈ రెండు మెట్లలో ఉపయోగపడుతుంది. వేలకొద్దీ అణువులను ప్రయోగశాలలో తయారుచేసి చూసే బదులు, కంప్యూటరు సూచించిన కొద్దింటిని మాత్రమే తయారుచేసి పరీక్షిస్తారు.

ఆ తరువాత జంతువులపై ప్రయోగాలు, మనుషులపై మూడు దశల పరీక్షలు ఉంటాయి. రోగులను చేర్చుకోవడానికి, వ్యాధి తగ్గుతున్నదో లేదో గమనించడానికి పట్టే కాలాన్ని కంప్యూటరు పెద్దగా తగ్గించలేదు. పైగా ఎక్కువ ఖర్చు అయ్యేది కూడా ఈ దశలలోనే. ఎంచుకున్న ప్రొటీనుకు ఆ వ్యాధితో అసలు సంబంధమే బలహీనమైతే, ఎంత చక్కగా రూపొందించిన అణువైనా రోగికి ఉపకరించదు.

ఆదాయ మార్గాలు

ఈ సంస్థలలో చాలావాటికి అమ్మకానికి సొంత మందులు లేవు. పెద్ద ఔషధ సంస్థలతో ఒప్పందాలు వీటి ముఖ్య ఆదాయ మార్గం. ఒప్పందంలో కొంత సొమ్ము ముందుగా చెల్లిస్తారు. మిగిలినది పరీక్షలలో ఒక్కొక్క మెట్టు దాటిన తరువాతనే వస్తుంది. ఉదాహరణకు 2024 జనవరిలో ఐసోమార్ఫిక్ ల్యాబ్స్ సంస్థకు ఎలై లిల్లీ 4.5 కోట్ల డాలర్లు, నోవార్టిస్ 3.75 కోట్ల డాలర్లు ముందుగా చెల్లించడానికి అంగీకరించాయి. పరిశోధన సఫలమైతే అదనంగా అందగల మొత్తం దాదాపు 290 కోట్ల డాలర్లు. అనగా ఖాయమైన సొమ్ము ప్రకటిత మొత్తంలో మూడు శాతం లోపే.

ష్రోడింగర్ వంటి కొన్ని సంస్థలు అణువుల రూపకల్పనకు ఉపయోగపడే సాఫ్ట్‌వేరును ఇతర ఔషధ సంస్థలకు ఇచ్చి ఆదాయం పొందుతాయి.

ప్రముఖ సంస్థల అనుభవాలు

ఎక్సైంషియా: కృత్రిమ మేధతో రూపొందించిన డీఎస్‌పీ-1181 అనే అణువును ఈ సంస్థ 2020లో జపాను భాగస్వామితో కలిసి మనుషులపై పరీక్షల దశకు చేర్చింది. మొదటి దశ తరువాత ఆ అణువుపై పని ఆగిపోయింది. 2021 అక్టోబరులో సంస్థ తన వాటాలను 22 డాలర్ల చొప్పున విక్రయించింది. 2024 నవంబరులో రికర్షన్‌లో విలీనమైనప్పుడు ఒక్కొక్క వాటాకు 0.7729 రికర్షన్ వాటా లభించింది. ఆనాటి ధర ప్రకారం దీని విలువ 22 డాలర్లలో మూడవ వంతుకు కూడా చేరదు.

రికర్షన్: 2021 ఏప్రిల్‌లో 18 డాలర్ల ధరతో నాస్‌డాక్‌లో ప్రవేశించింది. 2023లో చిప్‌ల తయారీ సంస్థ ఎన్విడియా ఇందులో 5 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టడంతో వాటా ధర ఒక్కసారిగా పెరిగింది. మెదడు రక్తనాళాల వ్యాధికి ఉద్దేశించిన ఆర్‌ఈసీ-994 ఔషధాన్ని 2025 మే నెలలో నిలిపివేసింది. 2025 చివరినాటికి వాటా ధర 6 డాలర్ల లోపే ఉన్నది.

బెనివొలెంట్ ఏఐ: కీళ్ళవాతపు మందు బారిసిటినిబ్ కోవిడ్-19 రోగులకు ఉపయోగపడవచ్చునని 2020 ఫిబ్రవరిలోనే సూచించింది. ఈ సూచన తరువాత పరీక్షలలో నిజమైంది. అయితే ఆ మందు హక్కులు ఎలై లిల్లీవి. సరైన జోస్యం చెప్పినంత మాత్రాన సంస్థకు మందు అమ్మకాల లాభం రాదని ఈ ఉదంతం తెలుపుతుంది. 2023 ఏప్రిల్‌లో సంస్థ సొంత చర్మవ్యాధి మందు పరీక్షలో ఫలించలేదు. ఆ తరువాత పెద్దయెత్తున ఉద్యోగాల కోత జరిగింది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరిన సంస్థ 2025లో దాని నుండి తొలగింది.

ఇన్‌సిలికో మెడిసిన్: ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధికి రూపొందించిన రెంటోసెర్టిబ్ ఈ రంగానికి ఆశ కలిగించింది. చైనాలో 71 మంది రోగులపై 12 వారాలు జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వెలువడ్డాయి. అత్యధిక మోతాదు పొందినవారు బలంగా వదలగల గాలి పరిమాణం సగటున 98.4 మిల్లీలీటర్లు పెరిగింది. ఉత్తుత్తి మందు పొందినవారిలో 20.3 మిల్లీలీటర్లు తగ్గింది. రోగుల సంఖ్య స్వల్పం కనుక పెద్ద పరీక్షలలో ఇది నిర్ధారణ కావలసి ఉన్నది.

మదుపరులు పరిశీలించే అంశాలు

* నగదు నిల్వ: ప్రస్తుత ఖర్చుతో ఎన్ని నెలలు సరిపోతుంది. నిల్వ తరిగితే సంస్థ కొత్త వాటాలు జారీచేస్తుంది, దానితో పాత వాటాదారుల భాగం తగ్గుతుంది.
* పరీక్షల దశ: రెండవ దశలో రోగులకు మేలు కనిపించిందా, లేక సురక్షితమని మాత్రమే తేలిందా.
* హక్కులు: ఔషధం సంస్థదేనా, భాగస్వామిదా.
* సమాచారం: సంస్థకు ఇతరులకు లభించని సొంత ప్రయోగ ఫలితాలు ఉన్నాయా. ఆల్ఫాఫోల్డ్ అంచనాల భాండాగారం అందరికీ ఉచితం కనుక దాని వాడకం ఒక్కటే ఆధిక్యత కాదు.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

బారిసిటినిబ్‌ను 2021లో కోవిడ్ రెండవ ఉధృతి సమయంలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా, డాక్టర్ రెడ్డీస్, ఎమ్మెస్సెన్ సంస్థలు ఎలై లిల్లీ అనుమతితో భారతదేశం కొరకు చేపట్టాయి. ష్రోడింగర్‌కు హైదరాబాదులో కార్యాలయం ఉన్నది.

భారతదేశంలో నివసించే వ్యక్తులు రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం క్రింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చును. అమెరికా వాటాల కొనుగోలు కూడా ఈ పరిమితిలోనే జరుగుతుంది. ఇటువంటి పెట్టుబడిలో వాటా ధరతో పాటు డాలరు మారకపు విలువ కూడా లాభనష్టాలను ప్రభావితం చేస్తుంది.